సింహాలకు పెట్టిన బొట్టు

మలేషియాలో ఇప్పటి తెలుక్ ఇంటాన్ దగ్గర, మా రబ్బరు తోటలోని చిన్న చర్చి ముందు మనిషెత్తు రాతిశిలువ ఉండేది. తోట దొర తన దేశంలో వెయ్యేళ్లనాటి శిలువను చూసి అలాంటిదే చెక్కించాడట. దాని అడుగున కోడిగుడ్డులాంటి ముఖంతో ఒక మనిషి చేతులు చాచి నిలబడి ఉంటాడు. అటూ ఇటూ రెండు సింహాలు. ఆ పాతకాలపు శిల్పి సింహాన్ని ఎన్నడూ చూసినట్టు లేదు. నా కంటికి అవి మా కూలీల ఇళ్ల లైన్లలో తిరిగే కుక్కలే.

అడవిలోని కమ్యూనిస్టులకు బియ్యం ఇచ్చాడని, బ్రిటిషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో నాన్నను పోలీసులు పట్టుకెళ్లారు. చాడీ చెప్పింది పక్కింటాయనేనని లైన్లన్నిటికీ తెలుసు. విచారణ లేదు, ఎప్పుడు వదులుతారో తెలియదు. అమ్మ ఎక్కని గుమ్మం లేదు. చివరికి ఎవరో చెప్పారు, శిలువ అడుగునున్న ఆ మనిషిని రాజు సింహాల గుహలో వేయించినా చిన్న గీత కూడా పడకుండా బయటికొచ్చాడని. మర్నాడే అమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని బయలుదేరింది.

బొట్టు మాత్రం మనిషికి పెట్టలేదు, సింహాలకు పెట్టింది. అమ్మవారికి మొక్కేటప్పుడు ముందు వాహనానికి బొట్టు పెట్టడం మావాళ్ల ఆనవాయితీ. చర్చిలో బైబిలు చెప్పే తమిళ ఉపదేశి చూసి నవ్వాడు. కాపాడింది దేవుడు, సింహాలు కావన్నాడు.

"ఆడికి ఆడి దేవుడున్నాడు గదయ్యా. తినాలో మానాలో అనుకోవాల్సినవి ఇయ్యే గదా!" అంది అమ్మ.

మెర్దెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది నాన్నను వదులుతున్నారని కబురొచ్చింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఉపదేశి దగ్గరికి పరుగెత్తింది. ఆయనా సంతోషించి, మిగతా కథ కూడా చెప్పాడు. నింద మోపినవాళ్లను రాజు పెళ్లాంబిడ్డలతో సహా అదే గుహలో తోయించాడట. సింహాలు ఒక్కరినీ వదల్లేదట.

అమ్మ ముఖం పాలిపోయింది. "పిల్లలేటి సేసినారయ్యా?" అంది.

పక్కింటి మీద ఆమెకు కోపం తక్కువేం కాదు. ఆ గుమ్మం ముందు రోజూ మెటికలు విరిచి తిట్టేది. ఇప్పుడు తన మొక్కు ఎంతదాకా పోతుందోనని భయపడింది.

నాన్న లారీ దిగి వచ్చేసరికి పక్కింటి పిల్లలు మా ఇంట్లో ఆకుల ముందు కూర్చున్నారు. నాన్న కోసం వండిన కోడికూర వాళ్లకా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన గుమ్మంలోనే ఆగి అమ్మవైపు చూశాడు.

"ముందు ఈలని తిననీ. నీకు తరవాత పెడతాను" అంది అమ్మ.