గీకేసిన నంబరు

కోపం మనిషికి శత్రువని పెద్దలన్నారు. మా వీధి బ్రేకు మాస్టారికి మాత్రం అది వ్యాపార భాగస్వామి. డ్రైవింగు స్కూలును ఇద్దరూ కలిసే నడిపేవారు. ఇరవై రెండేళ్లుగా శిష్యుల పక్క సీట్లో కూర్చుని, కాలి కింద తనకంటూ ఒక బ్రేకు పెడలు పెట్టుకుని, "బ్రేకు, బ్రేకు" అని అరిచిన గొంతు ఆయనది. కన్నవాళ్లు పెట్టిన పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

స్కూలుకున్నది ఒకటే కారు. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులే ఉండేవి. తొమ్మిదేళ్ల కిందట ఆయన బావమరిది, లేతు మిషను మీద ఎంతటి మొండి ఇనుముకైనా బుద్ధి చెప్పగల మేస్త్రి, ఆ డ్రమ్ములు పీకేసి, మరేదో బండి డిస్కులు తెచ్చి, వాటి బెజ్జాలు సరిచేసి బిగించాడు. మరునాడే స్కూలు బోర్డు మీద కొత్త పంక్తి వెలిసింది: "నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులున్న ఏకైక శిక్షణాలయం". అందులో "ఏకైక" అన్న మాటను, ఎదురుగా ఉన్న స్కూలువాడికి కిటికీలోంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో రాయించారు.

ఆ డిస్కులు ఇప్పుడు అరిగి రేకులయ్యాయి. వాహనాల తనిఖీ అధికారి కారు కిందకి టార్చి వేసి చూసి, పది రోజుల్లో అవి మార్చి తేకపోతే ఫిట్‌నెస్ రద్దన్నాడు. ఫిట్‌నెస్ లేని కారుతో స్కూలు నడవదు. స్కూలు లేకపోతే మాస్టారికి అరిచే చోటు లేదు. ఇంట్లో ఆ హక్కు భార్యకు ఏనాడో దఖలు పడింది.

మొదటి స్పేరు పార్ట్స్ దుకాణంలో కౌంటరు మీద బైబిలంత పుస్తకం ఉంది. దుకాణదారు దాన్ని తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ మోడలుకి వెనక డిస్కులుండవండీ."

"ఉన్నాయయ్యా. కారు బయటే ఉంది. వంగి చూడు."

"పుస్తకంలో లేవు."

"మరి నేను పుస్తకం ఎక్కి వచ్చానా?"

దుకాణదారు వంగలేదు. కంటికి కనిపించేదానికీ పుస్తకానికీ తగవొస్తే పుస్తకం పక్షాన నిలబడే మనిషి అతను. రెండో దుకాణంవాడు ముందు చక్రాల డిస్కులే ఇచ్చి, వెనకవేనని నమ్మకంగా చెప్పాడు. బిగించబోతే ఒక్క బోల్టూ ఎక్కలేదు. మూడోవాడు మర్యాదస్తుడు. నంబరు చెబితే నిమిషంలో తెప్పిస్తానన్నాడు. నంబరు కోసమే కదా ఈ తిరుగుడంతా అని మాస్టారు అతని మీద కూడా అరిచి వచ్చారు.

ఏడో రోజున పాత ఇనుప సామాన్ల యార్డులో ఒక ముసలాయన అరిగిన డిస్కు విప్పించి, కొలిచి, దాని నడుమ భాగాన్ని బొటనవేలితో తడిమాడు. నంబరు ఇక్కడ పోతలోనే ఉండేదనీ, ఎవడో పనిగట్టుకుని ఆకురాయితో గీకేశాడనీ తేల్చాడు.

ఆ క్షణాన మాస్టారి కోపానికి చిరునామా దొరికింది. బావమరిదితో ఆయనకు ఐదేళ్లుగా మాటల్లేవు. ఆ మేస్త్రి బావ దగ్గరే డ్రైవింగు నేర్చుకుని, పరీక్షలో మూడుసార్లు తప్పాడు. మూడోసారి మాస్టారు ఎనిమిది మంది శిష్యుల ముందు, వీడికి బ్రేకులు చేయడం వచ్చుగానీ తొక్కడం రాదని ప్రకటించారు. అప్పటి నుంచి ఆ తమ్ముడు వీధిలో కారు లేని వేళ చూసి అక్కను పలకరించి పోతున్నాడు. వాణ్ణే అడగండని భార్య మొదటి రోజే చెప్పింది. ఆమె మొదటి రోజు చెప్పినది ఆయన ఎనిమిదో రోజున చేయడం ఆ ఇంటి ఆచారం.

ఎనిమిదో రోజున ఆయన షెడ్డుకు వెళ్లారు, అడగడానికి కాదు, కడగడానికి. లేతు చప్పుడును మించి అరిచారు. నన్ను నీ గడప తొక్కించడానికే నంబరు గీకావన్నారు. ఇది పనితనం కాదు, పగ అన్నారు. ఊపిరి కోసం ఆగినప్పుడు బావమరిది మిషను కట్టేసి, చేతులు తుడుచుకున్నాడు.

"బావా, ఆ రోజు ఆకురాయి ఎవరి చేతిలో ఉంది?"

మాస్టారికి గుర్తొచ్చింది. ఇదే షెడ్డు. ఎదురు స్కూలువాడు నంబరు చూసి అవే తెచ్చుకుంటాడన్న భయంతో, ముక్కాలి పీట మీద కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఒక్క అంకె మిగలకుండా గీకిన మహానుభావుడు తానే.

"సరే, అయిందేదో అయింది. ఏ బండివో చెప్పు."

"చెప్పను. ఎవరికీ చెప్పొద్దని అక్క మీద ఒట్టు వేయించుకున్నావు."

"నాకు కూడానా?"

"నిన్ను మినహాయించలేదుగా."

ఎవరి మీద అరవాలో మాస్టారికి జీవితంలో మొదటిసారి తోచలేదు. తన మీద తాను అరిచిన అనుభవం లేదు. గత్యంతరం లేక పీటను తన్నారు. పీట గట్టిది. ఆయన కుంటుకుంటూ దాని మీదే కూలబడ్డారు.

బావమరిది అల్మారా అడుగు నుంచి నూనె కాగితం చుట్టిన రెండు డిస్కులు తీశాడు. ఆనాడే రెండు జతలు కొన్నాడట. "ఇనుము అరుగుతుంది బావా, నీలా కాదు," అన్నాడు. బిగిస్తాను, కానీ తనిఖీకి కారు నేనే నడుపుతాను అని షరతు పెట్టి, జేబులోంచి లెర్నర్ లైసెన్సు తీసి చూపించాడు. గడువు తీరినప్పుడల్లా, ఐదేళ్లుగా, కొత్తది తీసుకుంటూనే ఉన్నాడు.

"ఇన్నేళ్లలో నేర్పేవాడే దొరకలేదా నీకు?"

"దొరికారు. నీ అంత శ్రద్ధగా ఎవరూ తిట్టలేదు."

కొత్త డిస్కుల నడుమ బెజ్జం లేతు మీద పెంచడానికి ఒక రోజంతా పట్టింది. బిగించే ముందు, నంబరు గీకాలా అని బావమరిది వినయంగా ఆకురాయి అందించాడు. మాస్టారు దాన్ని లాక్కుని షెడ్డు కప్పు మీదకి విసిరారు.

పదో రోజు ఉదయం కారు రెండుసార్లు ఆగిపోయింది, మూడుసార్లు గంతులేసింది, మాస్టారి నోరు మాత్రం ఆగలేదు. తనిఖీ స్థలంలో సున్నపు గీత దగ్గర బావమరిది బ్రేకు తొక్కాడు. కారు వంకర పోకుండా, గీత మీద నిలబడింది. మాస్టారి కాలు తన పెడలుకు బెత్తెడు పైన గాలిలోనే ఉండిపోయింది. అంత గట్టిగా తొక్కుతారా ఎవరైనా అని ఆయన తిట్టారు. అధికారి టార్చి వేసి చూసి సంతకం పెట్టాడు.

వరసలో వెనకున్న కారు ఎదురు స్కూలుది. దాని యజమాని దిగి వచ్చి, వెనక డిస్కులు ఎక్కడ దొరికాయండీ అని మెల్లగా అడిగాడు. మాస్టారు బావమరిదిని చూశారు. ఒట్టు ఉన్నవాడు కనక అతను ఆకాశం చూశాడు. బోర్డు మీది "ఏకైక"కు ఆయుష్షు మూడిందని మాస్టారికి తెలుసు. పళ్లు కొరికారు.

"నన్నడుగుతావేం? నంబరు దాని మీదే ఉంది. వంగి చూడు."