ఎకో నాబ్

ఎకో అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా కల్వకుర్తి చుట్టుపక్కల ఏ ఊళ్లో భజన జరిగినా, పెళ్లి జరిగినా, మైకు పట్టుకున్నవాడు ముందు పాట ఎత్తుకోడు. "హలో, హలో" అని రెండుసార్లు ఊది, "అన్నా, ఎకో పెంచు" అంటాడు. పెంచితే ఒక్కో మాట నాలుగుసార్లు మోగుతుంది. ఏం పాడుతున్నాడో పాడేవాడికే తెలియదు. జనం మాత్రం "అబ్బ, ఏం గొంతురా!" అని మురిసిపోతారు.

చిన్నప్పటి నుంచి నాకు రెండే పిచ్చులు, పాట ఒకటి, కరెంటు ఒకటి. పదేళ్లప్పుడు మా బాపు, అంటే నాన్న, కొనుక్కున్న రేడియో విప్పి, మళ్లీ బిగించడం చేతగాక వీపు పగలగొట్టించుకున్నాను. ఇంటర్ తప్పిన ఏడాది పాత రేడియో ముక్కలతో అట్ట మీద చిన్న కీబోర్డు చేశాను. ఎనిమిది స్వరాలు పలికేది, ఎండ ముదిరితే శ్రుతి తప్పేది. తర్వాత బస్టాండు దగ్గర రిపేరు దుకాణం పెట్టుకున్నాను. తెలంగాణ వచ్చేనాటికే రేడియోలు, టేపులు తెచ్చేవాళ్లు లేకుండా పోయారు. ఆంప్లిఫయర్లు మిగిలాయి, వాటితోపాటు ఈ దిక్కుమాలిన ఎకో.

మా ఊరి శనివారం భజనలో పాట ఎత్తేది మా బాపే. ఆయన చేనులో పాడుకుంటుంటే విని పెరిగినవాణ్ణి. కొంచెం గరుకు గొంతు, పాదం చివర సన్నగా వణికేది. ఆ వణుకు మైకులో ఒక్కనాడూ వినపడలేదు, ఎకో మింగేసేది. ఆ గొంతును ఉన్నదున్నట్టు ఊరికి వినిపించాలని నాకు పంతం పట్టింది. ఆరు నెలలు కూర్చుని ఒక ఆంప్లిఫయర్ తయారుచేశాను. అందులో గుయ్యిమనే చప్పుడు పోగొట్టడానికే రెండు నెలలు పట్టింది. ఎకో మాత్రం పెట్టలేదు.

మొదటి శనివారమే మా కాక, అంటే బాపు తమ్ముడు, తాళాలు పక్కన పెట్టి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేందిరా, ఎకో ఏది?"

"లేదు కాకా. గొంతు సాఫ్‌గ వినొస్తది."

"సాఫ్ ఎవనికి గావాల్రా? ఎకో లేకుంటె గది భజన ఎట్లయితది? తీస్కపో."

ఆరు నెలల పని ఒక్క నిమిషంలో వాపసు! పెట్టె ఎత్తి రోడ్డు మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు. దుకాణానికి తెచ్చి, ముందువైపు రంధ్రం చేసి ఎర్ర నాబ్ బిగించాను. కింద 'ఎకో' అని రాశాను. లోపల ఒక్క తీగ కూడా కలపలేదు.

మరుసటి శనివారం కాక ఆ నాబ్‌ను సగందాకా తిప్పి, "హలో" అని తల ఊపాడు. "ఆఁ, గిప్పుడు మంచిగుంది. గిదే ముందుగాల పెట్టొద్దా?"

నవ్వాపుకోలేక చచ్చాను. వీళ్లకోసమా ఆరు నెలలు కళ్లు చెడగొట్టుకున్నదని ఏడుపూ వచ్చింది.

అప్పుడు బాపు పాట ఎత్తాడు. నేను కోరుకున్నట్టే ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. కానీ అది నాకు గుర్తున్న గొంతు కాదు. పైకి పోయేచోట చీలింది, పాదం సగంలో ఊపిరి తెగింది. డెబ్బై దాటిన మనిషి. చేను పని మానినప్పటి నుంచి ఆయన పాట మైకులో తప్ప వినలేదు, ఎప్పుడో వచ్చిన ఆ మార్పు ఎకో చాటున ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. ముందు కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో చరణంలో బాపు చెయ్యి ఎర్ర నాబ్ మీదికి పోయింది. కొంచెం తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. నా వైపు చూశాడు. మైకు కాకకిచ్చి తాళాలు అందుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే అడిగాడు.

"గా ఎకోకు తీగ కలపలేదు గదరా?"

"లేదు బాపు."

"నా గొంతు పోయిందని నాకెర్కనే. ఊరందరికి ఎందుకు ఎర్క జేస్తివిరా?"

మంచి చేస్తున్నాననే అనుకున్నాను. నా పంతం మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే దుకాణం తీసి, పెట్టె లోపల ఎకో సర్క్యూట్ పెట్టి, ఎర్ర నాబ్‌కు తీగ కలిపాను. ఆ వచ్చే శనివారం బాపు మళ్లీ మైకు పట్టుకున్నాడు. పాట ఎత్తే ముందు నా వైపు తిరిగి, "జర ఎకో పెంచు బిడ్డా" అన్నాడు.

పళ్లు కొరుక్కుంటూనే చివరిదాకా తిప్పాను.