పెద్దమ్మ ఊరికే కూర్చున్న పూట

మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఒకావిడ నా చేతిలో కరపత్రం పెట్టింది. అమీర్‌పేటలో ఖాళీ చేతులతో నడిచిపోయినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. ఒకప్పుడు ఇదే చోట నాకు కంప్యూటర్ కోర్సుల కాగితాలు ఇచ్చేవాళ్ళు. జుట్టు నెరిసేకొద్దీ అవి తగ్గిపోయి, మోకాళ్ళ నొప్పుల వైద్యానివీ బంగారం మీద అప్పులవీ మొదలయ్యాయి. ఈసారిది విహారయాత్రది. నీలం సముద్రం, నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్టు, పైన అండమాన్ అని పేరు. కింద సముద్రం కంటే పెద్దగా ఇంకో మాట: "తెలుగు వంటమనిషి మీ వెంటే! మూడు పూటలా మన భోజనమే!" షేర్ ఆటో ఎక్కాక కూడా నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, కొంచెం జరిగి కూర్చుంది.

ఎందుకంటే అచ్చం అలాంటి యాత్రకే, వంటమనిషి వెంట ఉన్న యాత్రకే, కరోనా భయం తగ్గాక నేనూ మా పెద్దమ్మా వెళ్ళి వచ్చాం. పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. తెనాలి పక్క పల్లె నుంచి పెదనాన్న ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చి, ఆయన పోయాక ఇంట్లో రెండు గదులు ఉద్యోగాల కోసం వచ్చిన అమ్మాయిలకిచ్చి, వాళ్ళకింత వండిపెట్టడం మొదలుపెట్టింది. ఆ రెండు గదులే పెరిగి పెరిగి అమీర్‌పేట సందులో ఒక లేడీస్ హాస్టల్ అయ్యాయి. గుంటూరు పిల్లకు కారం చాలదు, నిజామాబాద్ పిల్లకు జొన్నరొట్టె కావాలి, అనంతపురం పిల్ల పప్పు లేకపోతే ముద్ద ఎత్తదు. వీళ్ళందరినీ ఒకే వంటింట్లోంచి మెప్పించడమంటే మాటలు కాదు, కానీ మా పెద్దమ్మ మెప్పించింది. పండగలకు హాస్టల్ ఖాళీ అవుతుందని ఎదురుచూస్తే, బస్సు టిక్కెట్టు దొరకని పిల్ల ఒకతి ఎప్పుడూ మిగిలేది. ఆ ఒక్క పిల్ల కోసం పొయ్యి వెలిగేది. పాతికేళ్ళ పైచిలుకు ఆ పొయ్యి వెలగని రోజు నేను చూడలేదు.

అలాంటి మనిషికి ద్వీపం మీదికి మనసు పోవడానికి కారణం ఒక ఫొటో. హాస్టల్లో ఉండి చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న ఒక అమ్మాయి ఏదో దీవికి వెళ్ళి, ఇసుకలో కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్న ఫొటో పంపింది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసి, ఉండబట్టలేక ఫోన్ చేసింది. "అక్కడ ఏం చేస్తున్నావే?" అంది. "ఏం లేదాంటీ, ఊరికే కూర్చున్నా." "ఊరికే అంటే?" "ఊరికే అంటే ఊరికే ఆంటీ!" పెద్దమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "ఊరికేనట" అంది. ఎవరో చంద్రమండలం వెళ్ళొచ్చారని చెప్పినట్టు అంది.

సముద్రం ఆమెకు కొత్త కాదు. కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్ళి స్నానాలు చేసే కుటుంబమే మాది. కాకపోతే అందరికంటే ముందు మునిగి, అందరికంటే ముందు ఒడ్డెక్కేది పెద్దమ్మే. తడి చీర పిండుకుని సరుగుడు చెట్ల కింద పెద్ద పళ్ళెం పెట్టుకుని పులిహోర కలపడానికి కూర్చునేది. గాలికి ఇసుక అన్నంలో పడుతుందని సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. మేమంతా అలల్లో ఎగురుతూ "ఆకలేస్తోంది" అని కేకలు పెట్టేవాళ్ళం. చిన్నప్పుడు నాకు సముద్రమంటే చింతపండు, ఇంగువ వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా అలల చప్పుడు వింటే నోట్లో నీళ్ళూరుతాయి.

టిక్కెట్లు తీసుకున్న రోజున ఆమె ఒక ప్రకటన చేసింది. "కాశీకి వెళ్ళినవాళ్ళు కాయో పండో వదిలేసి వస్తారు కదా. నేను అండమాన్ వెళ్తూ గరిటె వదిలేస్తున్నాను. ఇంటికి తిరిగొచ్చేదాకా ముట్టను" అంది. "కాశీలో వదిలింది జన్మలో మళ్ళీ ముట్టకూడదు పెద్దమ్మా, మరి హాస్టల్ ఏం కావాలి?" అన్నాను. "అది కాశీ. ఇది అండమాన్. ఇక్కడ చట్టం నాది" అంది. ఎస్.ఆర్. నగర్ నుంచి ఒక వంటావిడను మాట్లాడి హాస్టల్ అప్పజెప్పింది. ఉప్పు డబ్బా ఎక్కడ, ఇడ్లీ రవ్వ ఎక్కడ అని విమానం ఎక్కేదాకా ఫోన్లే. ఎక్కగానే ఫోన్ ఆపేసింది. దిగాక కూడా తియ్యలేదు.

మా జట్టులో చాలామంది అమీర్‌పేట, పంజాగుట్ట వాళ్ళే. మా సందులోనే జాకెట్లు కుట్టే టైలర్ మాస్టరూ ఆయన భార్యా వచ్చారు. వాళ్ళది సిరిసిల్ల వైపు నేతపని చేసిన కుటుంబం. పంజాగుట్ట నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు వచ్చారు. ఆయనకు చారు లేని భోజనం భోజనం కాదు. వీళ్ళందరికీ భరోసాగా ఒక వంటమనిషి ఉన్నాడు. నిండైన విగ్రహం, గుబురు మీసం. విమానంలోనే అందరి దగ్గరికీ వచ్చి గుత్తివంకాయ గురించి చెప్పి నోరూరించాడు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి కందిపప్పు, బియ్యం, కూరగాయలు బేరమాడి కొన్నాడు. అక్కణ్ణుంచి మా దీవికి పడవలో వెళ్ళాలి. పడవ కదిలిన కాసేపటికే ఆయన మీసం వాలిపోయింది. దీవిలో దిగాక ఇద్దరు పట్టుకుని నడిపించి, గదిలో మంచం మీద పడుకోబెట్టి, చేతికొక నిమ్మకాయ ఇచ్చి వచ్చారు. రెండు రోజులు కదిలించవద్దని అక్కడి డాక్టరు చెప్పాడు.

ఆ పూటకు మేం దిగిన కాటేజీలవాళ్ళే భోజనం పెట్టారు. ఆ దీవిలో స్థిరపడినవాళ్ళు ఎక్కువగా బెంగాలీలు. వాళ్ళ వంట వాళ్ళకు బాగానే ఉంటుంది, తప్పు పట్టడానికి లేదు. కానీ బ్యాంకు మేనేజరుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పప్పులో చక్కెర వేశారు" అని అంత్యక్రియల గొంతుతో అన్నారు. ఆ మాట బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. తర్వాత ఎవరికీ నీలం నీళ్ళు కనిపించలేదు, తెల్ల ఇసుక కనిపించలేదు. వేలకు వేలు పోసి ఇంత దూరం వచ్చినవాళ్ళం ఆవకాయ సీసా మూతలో మిగిలిన నూనె కోసం పోటీపడ్డాం. మర్నాడు పొద్దునకల్లా అందరి కళ్ళూ ఒక్కచోటికి తిరిగాయి. సరుకులున్నాయి, చెట్ల కింద వంటపాక ఉంది, గ్యాసు ఉంది. హాస్టల్ నడిపే మనిషీ ఉంది.

మొదట యాత్ర నడిపే కుర్రాయన వచ్చాడు. "అమ్మా, ఈ ఒక్క పూట మీరు చెయ్యి వేస్తే చాలు" అన్నాడు. "ఆ చెయ్యి హైదరాబాద్‌లో పెట్టి వచ్చాను బాబూ" అంది పెద్దమ్మ. తర్వాత మేనేజరుగారు కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరు సాక్షాత్తు అన్నపూర్ణలాంటివారు. అన్నపూర్ణ పక్కనుండగా ఆకలితో ఉండాలా చెల్లెమ్మా?" అన్నారు. "అన్నపూర్ణమ్మ గుళ్ళో కూర్చునే ఉంటుంది కదండీ అన్నయ్యగారూ. నన్నూ కూర్చోనివ్వండి" అంది. ఆయన కుర్చీతో సహా వెనక్కి వెళ్ళిపోయారు. చివరికి మాస్టరు భార్య వచ్చింది. ఆమె పొగడ్తలు పెట్టుకోలేదు. "అక్కా, నువ్వు గరిటె ముట్టకు. ఏది ఎంతెయ్యాల్నో జెప్పు సాలు, మేం జేస్తం" అంది. ఆ మాటకు పెద్దమ్మ కొంచెం మెత్తబడింది. ఆమె చెయ్యి పట్టుకుని, "చెప్పడం కూడా వంటేనమ్మా. చెబితే నా ఒళ్ళు ఇక్కడుంటుంది, ప్రాణం ఆ పొయ్యి దగ్గరుంటుంది" అంది.

వెనకాల గొణుగుళ్ళు మొదలయ్యాయి. ఇంత మొండితనమేంటి, ఒక్క పూటకేం పోయింది, పెద్దావిడ అయివుండి అని. అవి ఆమె చెవిన పడ్డాయి. ముఖం ఎర్రబడింది. నాకు మహా కోపం వచ్చి పోట్లాడబోయాను గానీ ఆమె ఆపింది. "వాళ్ళ తప్పేం లేదు. వద్దనడం నాకెప్పుడూ రాలేదు. అందుకే వాళ్ళకు వినడం రావడంలేదు. ఇవాళ గనక నేను లేచానంటే ఇంక ఈ జన్మకు నాకు వద్దనడం రాదే అమ్మాయ్" అంది.

ఇదంతా చూస్తున్న టైలర్ మాస్టరు చేతులు దులుపుకుని లేచాడు. "గామెను ఇడిసిపెట్టున్రి. నేనే జేస్తా. బట్ట కత్తిరించెటోనికి వంకాయ కత్తిరించుడు రాదా? సార్, మీరు జర ఉల్లిగడ్డలు కోయున్రి" అన్నాడు. మేనేజరుగారు చుట్టూ చూశారు. సార్ అన్నది తననేనని అర్థమవడానికి కాస్త టైం పట్టింది.

మేమిద్దరం సముద్రం దగ్గరికి నడిచాం. పెద్దమ్మ మాస్టరు కుట్టిన పంజాబీ డ్రెస్సు వేసుకుంది, జీవితంలో మొదటిసారి. ముందు చిటికెడు పసుపూ కుంకుమా నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకుంది. తర్వాత మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. అటువైపు సముద్రానికి అలల జోరు లేదు. నీళ్ళు గోరువెచ్చగా, అడుగున మన కాలివేళ్ళు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. కూర్చోవడమైతే కూర్చుంది గానీ చేతులు కుదురుగా ఉండవే! ఇసుకలోంచి గవ్వలు తీసి, పగిలినవి ఒక పక్కకూ బాగున్నవి ఒక పక్కకూ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతోంది. "ఏం చేస్తున్నావు పెద్దమ్మా?" అన్నాను. తన చేతుల వైపు తనే చూసుకుని, నవ్వి, గవ్వలన్నీ నీళ్ళలో వదిలేసింది.

అప్పుడు వచ్చింది వాసన. ముందు ఎండుమిరపకాయల ఘాటు గాలిలో తేలివచ్చింది. ఒడ్డున ఎవరో ఇద్దరు ముగ్గురు దగ్గారు. పెద్దమ్మ ముక్కు కదిలింది. "ఆవాలు చిటపటమనకముందే మిరపకాయలు వేశాడు" అంది తనలో తనే. నేను నీళ్ళ మీద చెయ్యి కొట్టి వేరే కబురు ఎత్తాను. ఆమె వినలేదు. కాసేపటికి ఇంకో వాసన వచ్చింది. ఆ వాసన నాకూ తెలుసు, ఆడవాళ్ళందరికీ తెలుసు. పప్పు అడుగంటుతోంది. సెగ తగ్గించి గరిటె తిప్పితే ఇంకా మిగిలే పప్పు. పెద్దమ్మ లేచి నిలబడింది.

ఒడ్డున కొబ్బరిచెట్ల కింద అందరూ లేచారు. మేనేజరుగారు ఉల్లిపాయ చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చి, గరిటె రెండు చేతులా పట్టుకుని నైవేద్యంలా చాపారు. పోనీలే, వెళ్ళనీ, అనిపించింది నాకు ఒక్క క్షణం. పెద్దమ్మ వాళ్ళ వైపు చూసింది. చున్నీ నడుముకు చుట్టి ముడివేసుకుంది. వంటింట్లోకి వెళ్ళేముందు కొంగు దోపుకునేది సరిగ్గా అలాగే. తర్వాత వెనక్కి తిరిగి, సముద్రంలోకి నడిచింది. నడుము లోతు వచ్చేదాకా ఆగలేదు. నేను కంగారుగా వెనకే వెళ్ళి భుజం పట్టుకుంటే ఒళ్ళంతా కదులుతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "మాడుతున్న గిన్నెను వదిలేశానే!" అంది. "మాడనీ. భూమేం బద్దలవలేదు. చూశావా, ఏమీ కాలేదు!" అంటూ రెండు చేతులతో నీళ్ళు నా మీద చిమ్మింది. నేనూ చిమ్మాను. నడివయసు దాటిన ఇద్దరం గొంతులు పోయేలా అరిచాం. నా సంతోషానికి ఆ రోజు హద్దు లేదు.

తడి బట్టలు మార్చుకుని వచ్చేసరికి చెట్ల కింద పళ్ళేలు పరిచారు. మాస్టరు మొదటి వడ్డన పెద్దమ్మకే వేశాడు. హాస్టల్లో ఆమె తినేది అందరూ తిన్నాక, గట్టుకు ఆనుకుని నిలబడి, గిన్నె అడుగున మిగిలినది. ఇక్కడ పళ్ళెం ముందు కూర్చుని, పొగలు కక్కుతున్న అన్నం వైపు చూస్తూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు కాసేపు ఉండిపోయింది. తర్వాత కలుపుకుని తింది. మాస్టరు ఫలితాల కోసం నిలబడ్డ మా హాస్టల్ పిల్లలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎట్లున్నదక్కా? ఉప్పు జర ఎక్కువైంది గావచ్చు" అన్నాడు.

"ఉప్పు ఎక్కువైంది. పప్పు అడుగంటింది. పోపు మాడింది. అన్నం బిరుసు" అంది పెద్దమ్మ. మాస్టరు ముఖం వాడిపోయింది. ఆమె పళ్ళెం ముందుకు జరిపింది. "ఇంకొంచెం వెయ్యి" అంది. ఆయన గబగబా వేశాడు. మేనేజరుగారు మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చి, "పొయ్యమంటారా చెల్లెమ్మా?" అన్నారు. పెద్దమ్మ తినడం ఆపి తలెత్తి ఆయన్ను చూసి, "అడిగి వడ్డిస్తున్నారే!" అంది. అందరం నవ్వాం. గొణిగినవాళ్ళు కూడా నవ్వారు. ఆ యాత్ర పూర్తయ్యేదాకా మగవాళ్ళు వంతులేసుకుని వండారు. వంటమనిషి కోలుకుని లేచి వచ్చినా మాస్టరు గరిటె ఇవ్వలేదు. "నువ్వింకా రెస్ట్ తీస్కో భాయ్, ఫికర్ చెయ్యకు" అని సాగనంపాడు.

హాస్టల్ ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వంటిల్లు పిల్లలది. వాళ్ళు వండుతారు, మాడుస్తారు, పెద్దమ్మకు ముందు పెడతారు. నేను ఆ రోజు పనిగట్టుకుని వెళ్తాను, తిట్టుకుంటూనే తింటాను. ఇన్నేళ్ళూ ఆమె చేతి ముద్ద తిన్న మాకు ఈ ఏర్పాటు ఎందుకు ముందే తోచలేదో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. తన పూట తనకు కావాలని నోరు తెరిచి అడగడానికి మా పెద్దమ్మకు ఒక జీవితకాలం పట్టింది, ఇవ్వడానికి మాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.