పిన్ని తుడవని అద్దం

మా పిన్ని పోయిందని బాబాయి పొద్దున్నే ఫోన్ చేశాడు. చెప్పి, ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు నుంచి సెంటర్ మూసే ఉందిరా అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

పర్చూరులో పిన్ని నెట్ సెంటర్ నడిపేది. అక్కడ అరచేతిలో పట్టేంత వేలిముద్రల మిషన్ ఉంది. రోజూ ముందు పిన్ని బొటనవేలు పడితేనే కంప్యూటర్లో పని మొదలయ్యేది. ఆ తర్వాతే వచ్చినవాళ్ల వేళ్లు. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు వేళ్లు అరిగి ముద్రలు సరిగా పడవు. వాళ్ల కోసం కౌంటర్ మీద కొబ్బరినూనె గిన్నె, తడిగుడ్డ పెట్టుకునేది. చుక్క నూనె రాసి, నొక్కొద్దమ్మా, ఊరికే ఆనించు అనేది. వేలు తీయగానే మిషన్ మీది అద్దం తుడిచేది. ఒకరి మరక మీద ఇంకొకరిని వేలు పెట్టనిచ్చేది కాదు.

నేను కంప్యూటర్ పని నేర్చుకున్నది ఆ కౌంటర్ దగ్గరే. ఇవాళ ఒంగోలులో రిపేర్లు చేసుకుని బతుకుతున్నానంటే ఆవిడ చలవే. ఏదైనా ఆగిపోతే చాలు, "ముందు బాగున్నవాటిని తీసి పక్కన పెట్టుకుంటూ రారా. ఆఖరికి మిగిలిందే జబ్బు" అనేది.

ఈ ఏడు మిరపకోతలప్పుడు కంప్యూటర్ అప్‌డేట్ అయింది. మర్నాడు మిషన్ వెలగలేదు. పిన్ని పిలిస్తే వెళ్లాను. ఈకేవైసీ కోసం వచ్చిన ముసలమ్మలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వైరు మార్చాను, వెలగలేదు, అంటే వైరు బాగానే ఉంది. వెనక పోర్టులో పెట్టినా వెలగలేదు, అంటే పోర్టూ బాగానే ఉంది. అప్‌డేట్‌తో వచ్చిన డ్రైవర్ తీసేసి పాతది ఎక్కించాను. ఎర్రలైటు వెలిగింది.

పిన్ని వేలు పెట్టింది. తీసుకోలేదు. నూనె రాసి పెట్టినా తీసుకోలేదు. పరీక్షకని నా వేలు పెడితే తెర మీద గీతలన్నీ కనబడ్డాయి. మెట్ల మీది ముసలమ్మను పిలిచి పెట్టించాను. అరిగిన వేలే, అయినా గీతలు కనబడ్డాయి. పిన్ని వేలుకు మాత్రం బూడిదరంగు మచ్చ ఒక్కటే వచ్చింది. నాకెందుకో భయమేసింది. మిరపకాయల వల్లేమో అన్నాను.

"చేను కౌలుకిచ్చేశాం గదరా. ఈ ఏడు నేను కాయ ముట్టుకుంటేగా" అని పిన్ని పిడికిలి మూసుకుంది. "మిషన్ బాగానే ఉంది, వదిలెయ్. మిగిలిందేందో చూశావుగా" అంది.

ముసలమ్మలను పక్క సెంటర్‌కి పంపేసి, ఆపరేటర్‌గా బాబాయి పేరు పెట్టించమంది. ఆ సాయంత్రమే అసలు సంగతి ఆయనకు చెప్పింది. గుంటూరులో చూపించుకుని, ఎవరికీ తెలియకుండా కాన్సర్‌కి మాత్రలు మింగుతోందట. వాటికి వేళ్ల మీది గీతలు చెరిగిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడట. అప్పటికే జబ్బు ముదిరింది.

దినం అయ్యాక బాబాయి తాళాలు నా చేతికిచ్చాడు. ఆసుపత్రికి బయల్దేరిన రోజు సెంటర్ ముందు కారు ఆపించి, పిన్ని ఒక్కతే లోపలికెళ్లి వచ్చిందట. ఎందుకో చెప్పలేదట.

తలుపు తీసి స్విచ్ వేశాను. మిషన్ అద్దం మీద నూనె మరక ఉంది. బొటనవేలంత, నున్నగా, ఒక్క గీతయినా లేదు. తడిగుడ్డ ఎండి బిరుసెక్కి పక్కనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను గానీ తుడవలేకపోయాను. మరక కింద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.