మా కుంట, మా తాత చెవుడు

నా చిన్నప్పుడు మా తాతకు చెవుడు ఉందని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. లేదని నాకొక్కదానికే తెలుసు. ఈ సంగతి ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. పెళ్లయి కామారెడ్డికి వచ్చాక రోజూ నాలుగు ముక్కలు రాసుకునే అలవాటయింది గాని, అందులోనూ ఈ మాట రాయలేదు. ఇప్పుడు తాత లేడు. నేను చెప్పినందువల్ల ఆయనకు ఇక ఎవరూ పని పురమాయించలేరు. అందుకని రాస్తున్నాను.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. నేను మాట్లాడని పిల్లను. ఇంటికి ఎవరైనా వస్తే వడ్లు నిలవజేసే గుమ్మి వెనక్కి పోయి, వాళ్లు వెళ్లేదాకా అక్కడే కూర్చునేదాన్ని. పేరడిగితే పరికిణీ అంచు నోట్లో పెట్టుకునేదాన్ని. మాట లోపల తయారుగానే ఉండేది, పెదవుల దాకా వచ్చేసరికి సన్నబడిపోయేది. నా గొంతు వినాలంటే దోమలను బయటికి తరిమి, పొయ్యి ఆర్పి, అందరూ ఊపిరి బిగబట్టాలని మా నాయనమ్మ అంటుండేది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తాతకు చెవుడే. ఏదో జ్వరం తగిలాక వచ్చిందని చెప్పుకునేవారు. ఆయనను బువ్వకు పిలిచే పని మాత్రం ఎందుకో ఎప్పుడూ నాకే పడేది. పిలిచేదాన్ని. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, వినబడలేదని, కొంచెం గట్టిగా చెప్పమని అనేవాడు. గొంతు పెంచడానికి సిగ్గుపడి నేను దగ్గరికి జరిగేదాన్ని. ఆయన రెండో చెవి తిప్పేవాడు. నేను అటు తిరిగి వెళ్లేదాన్ని. ఈలోపు అన్నం చల్లారిపోయేది, లోపలి నుంచి నాయనమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది.

మా పొలానికి నీళ్లు మా కుంట నుంచే. అది సర్కారు చెరువు కాదు. మా ముత్తాత రెండు గుట్టల నడుమ వాన నీళ్లు జారిపోయే చోట తట్టలతో మట్టి మోయించి కట్ట వేయించాడట. కట్ట కింద మా వరి మడులు. కట్ట మంచిచెడ్డలు మేమే చూసుకోవాలి. ఆ రోజుల్లో నిజాంసాగర్ చూసివచ్చిన మా మేనమామ మా కట్ట మీద నిలబడి, మీ సాగరంలో పడవ తిప్పాలంటే ముందు బర్రెలను బయటికి తోలాలి అని నవ్వాడు. తాత వినబడనట్టే మీసం దువ్వుకున్నాడు.

తాత గుట్టు నాకు తెలిసిన యేడు సంగతి చెబుతాను. దానికి ముందటి యేడు వానలు మొహం చాటేశాయి. కుంట అడుగు పగిలింది, వడ్ల గుమ్మి అడుగు కనబడింది. ఇంట్లో జొన్న గటకతో కాలం గడిచింది. ఈసారి ఆలస్యంగానైనా ముసురు పట్టింది. నాట్లు పడ్డాయి. కుంట నిండుతూ నిండుతూ మత్తడి రాళ్ల దగ్గరికి వచ్చింది. నిండిన కుంటలో ఎక్కువైన నీళ్లు ఆ రాళ్ల మీదుగా దుంకి పోతాయి. మత్తడి దుంకిన రోజు కట్ట మీది మైసమ్మకు బెల్లపన్నం పెట్టి, అందరం అక్కడే కూర్చుని తినడం మా ఇంటి పద్ధతి. ఆ పొద్దున నాయనమ్మ బెల్లం దంచుతూనే ఉంది, మా పొలం పనులు చూసే జీతగాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కట్ట వెనక నుంచి నీళ్లు కారుతున్నాయని, అవి తేట నీళ్లు కావని, ఎర్రగా బురదగా ఉన్నాయని చెప్పాడు.

తేట నీళ్లు చెమర్చినట్టు కారితే ఎవరూ కంగారు పడరు. బురద నీళ్లు వస్తున్నాయంటే లోపల కట్ట మట్టి కొట్టుకుపోతున్నదని అర్థం. అలాగే వదిలేస్తే గండి పడుతుంది. కుంట ఖాళీ అవుతుంది, కింద కొత్తగా నాటిన మడులన్నీ ఇసుక మేటల కింద పోతాయి. ఇంకో యేడు గటక తాగడానికి ఇంట్లో జొన్నలు కూడా లేవు. ఎండ్రకాయ బొక్క చేసి ఉంటుందని అందరూ అనుకున్నారు. కాని ఆ బొక్క మూతి కట్టకు లోపలి వైపు, నీళ్ల అడుగున ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?

మేం బాపు అని పిలిచే మా నాన్న, కూలివాళ్లు కట్ట వెనకకు దిగి నీళ్లు వస్తున్న చోట తట్టలకు తట్టలు మట్టి పోశారు. నీళ్లు ఆ మట్టి పక్క నుంచి దారి చేసుకున్నాయి. తాత పైనుంచి కాసేపు చూసి, "లోపటి మూతి ముయ్యకుంట బైట ఎంత పోస్తే ఏం లాభం రా" అని ఇంటికి ఊక కోసం కబురు చేశాడు. పొయ్యిలోకి దాచుకున్న ఊక అది. నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకుని గొణుక్కుంటూ వచ్చింది. ఇల్లు మునిగేటప్పుడు కూడా ఈ ముసలాయనకు ఆటలే అంది. తాతకు వినబడలేదు.

నన్ను మైసమ్మ రాయి కింద, నీళ్ల అంచున కూర్చోబెట్టాడు తాత. కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడం ఈ ఇంట్లో నాకొక్కదానికే వచ్చునట. ఊక ఎటు పోతుందో చూస్తుండమన్నాడు. ఆయన కట్ట పొడుగునా నడుస్తూ పిడికిళ్లతో ఊక చల్లాడు. ఎర్రటి నీళ్ల మీద ఊక బంగారు రంగు చాపలా పరుచుకుంది. గాలికి మెల్లగా ఒకవైపు జరగసాగింది.

నేను కళ్లార్పకుండా చూశాను. సగం మునిగిన తంగేడు చెట్టు దగ్గర కొంచెం ఊక మాత్రం గాలి మాట వినడం లేదు. అక్కడే ఆగింది. ఆగి, కదురు మీది నూలులా తిరిగింది. తిరిగి తిరిగి, ఎవరో కింద నుంచి తాగినట్టు లోపలికి పోయింది.

"తాతా, తంగేడు కాడ" అన్నాను, నా మామూలు గొంతుతో.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. వినబడలేదన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పమన్నాడు. చెప్పాననే అనుకున్నాను. అంతలో కట్ట అవతల నుంచి బాపు గొంతు వినిపించింది. మట్టి జారుతున్నదని, పక్కకు పొమ్మని కూలివాళ్లతో అంటున్నాడు. బాపు గొంతులో భయం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"బాపూ! ఈడ! తంగేడు కాడ ఊక గుంజుకుంటున్నది!"

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. ఎదురు గుట్టకు తగిలి తిరిగి వచ్చింది కూడా. బాపు, కూలివాళ్లు కట్టెక్కి ఇవతలికి దూకారు. అప్పటికే తాత తంగేడు దగ్గర నడుము లోతు నీళ్లలో ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి ఉన్నాడు. మూతి తన మడమ కిందనే ఉందని, గడ్డి చుట్టలు తెమ్మని చెప్పాడు. వరిగడ్డి చుట్టలకు జిగట మన్ను మెత్తి ఒకదాని మీద ఒకటి కుక్కారు, పైన మట్టి వేసి తొక్కారు. మాకంటే ముందే ఈడికి ఎట్ల వచ్చినవని బాపు అడిగితే, తాత చెవి వెనక చెయ్యి పెట్టి "ఏంది?" అన్నాడు.

వెనక పక్క నీళ్లు సన్నబడ్డాయి. కాసేపటికి తేటబడ్డాయి. కూలివాళ్లు దోసిళ్లతో పట్టి ఒకరికొకరు చూపించుకున్నారు. ఎండ ఏటవాలుగా పడేవేళకు మత్తడి దుంకింది. ముందు ఒక సన్నని దార రాళ్ల సందులో వెతుక్కుంటూ వచ్చింది, తరువాత రాళ్లే కనబడలేదు. పిల్లలం కింద నిలబడి తడిశాం. మైసమ్మకు పసుపు రాసి బెల్లపన్నం పెట్టారు. నాయనమ్మ మోదుగాకులో నాకు అందరికంటే పెద్ద ముద్ద వేసింది.

"దీనికి గొంతు లేదని పరేషాన్ అయితిమి. గుట్ట మీద మేకలు గూడ మేత ఇడిసిపెట్టి చూసినయి గదనే" అంది.

అందరూ నవ్వారు. నేను గుమ్మి వెనక్కి పరుగెత్తాలని చూశాను గాని, అక్కడ గుమ్మి లేదు. కూర్చుని ముద్ద తిన్నాను. నవ్వుల మధ్య కూర్చోవడం నేననుకున్నంత కష్టం కాదని అప్పుడే తెలిసింది.

జీతగాడు తింటూ ఒక మాట అన్నాడు. పాప అరవక ముందే వెనక నీళ్లు సన్నబడ్డాయని, అదంతా మైసమ్మ మహిమేనని. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను మొదటిసారి నెమ్మదిగా తంగేడు పేరు చెప్పినప్పుడే తాత అటు దిగడం మొదలుపెట్టాడు. వినబడలేదంటూనే నడిచాడు. నేను అరిచేసరికి ఆయన మడమ మూతి మీదే ఉంది.

ఇంటికి వచ్చే దారిలో అందరినీ ముందు పోనిచ్చి, తాత వీపు వెనక నుంచి ఊపిరి వదిలినంత మెల్లగా అడిగాను, నీకు చెవులు వినబడ్తయి గద అని. ఆయన వెనక్కి తిరగలేదు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. చెవులున్నయని తెలిస్తే మీ నాయనమ్మ పొద్దుగూకులు పని చెప్తది."

ఆ రోజు నుంచి అది మా ఇద్దరి మాటగా ఉండిపోయింది. అయినా ఆయన నన్ను విడిచిపెట్టలేదు. అత్తగారింటికి పోతూ కాళ్లకు మొక్కి వస్తానని చెప్పినప్పుడు కూడా చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఏడుస్తున్నదాన్ని నవ్వి, మళ్లీ గట్టిగా చెప్పాను.

పోయిన వానాకాలం ఆయనకు బాగాలేదని కబురొస్తే వెళ్లాను. కుంట కట్ట మీదుగానే ఇంటికి దారి. మత్తడి దుంకుతోంది. ఇంటినిండా చుట్టాలు. మంచం పక్కన కూర్చుని, మత్తడి దుంకుతున్నదని ఆయన చెవి దగ్గర మెల్లగా చెప్పాను. కళ్లు తెరవకుండానే ఒక మాట అన్నాడు. అన్నాక, దుప్పటిలోంచి చెయ్యి తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. అంతమందిలో లేచి నిలబడి చెప్పాను. వాకిట్లో ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. తాత మీసం కింద నవ్వు కనబడింది. ఆ తరువాత ఆయన నిద్రలోకి జారాడు. మరి మాట్లాడలేదు.

కామారెడ్డిలో మా వాడకట్టు ఆడవాళ్లు మధ్యాహ్నాలు మా అరుగు మీద చేరి, నా చేత కథల పుస్తకాలు చదివించుకుంటారు. మొదటి పేజీ తెరవగానే ఇప్పటికీ గొంతు సన్నబడుతుంది. అప్పుడు వెనక వరుసలో ఎక్కడో ఒక ముసలి చెయ్యి చెవి వెనకకు పోయినట్టు అనిపిస్తుంది. ఆ రోజు మంచం మీద తాత నాతో అన్న చివరి మాట వినబడుతుంది.

"ఏంది బిడ్డా, వినబడలే. జర గట్టిగ చెప్పు."