తాతయ్య కత్తికి పట్టిన తుప్పు

తాతయ్య గడ్డం గీసుకునే పాతకాలపు మడత కత్తి మామ్మ బీరువాలో కనబడితే, మొన్న అడిగి తీసుకున్నాను. నిండా తుప్పు. అమలాపురం వెళ్ళి ఉప్పు కాగితం తెచ్చి, ఇవాళ పొద్దున్నుంచీ కూర్చుని రుద్దాను. పిడి సందులో గట్టిపడిపోయిన సబ్బును కూడా పుల్లతో గీకి పారేశాను. కత్తి అద్దంలా మెరిసింది. కొబ్బరినూనె రాసి, గొప్పగా తీసుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టాను.

మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ తాతగారు ఏనాడైనా తడి కత్తి మూసేరేంట్రా? తుడిచి, నూనె రాస్తే గానీ లేచేవారు కాదు. ఆ రోజు మాత్రం సగం గడ్డం గీసుకుని, ఆయాసంగా ఉందని పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. సబ్బుతో సహా అలాగే దాచేను."

"ముందే చెప్పొచ్చు కదా మామ్మా!"

"ముచ్చటపడి అడిగేవు కదా నాన్నా. పోనీ, బానే మెరుస్తోందిలే."

కత్తి తిరిగి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తుప్పు వదిలించడానికి వీడియోలు బోలెడున్నాయి. వదిలించిన తుప్పు మళ్ళీ పట్టించడం మీలో ఎవరికైనా తెలుసాండీ?