కల్లం నుంచి పెళ్ళిచూపులకి

మా నాన్న పెళ్ళిచూపులకి చేలోంచి నేరుగా వెళ్ళాడట. కాళ్ళకి అంటిన రేగడి మట్టి కూడా సరిగా కడుక్కోలేదట. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, పిల్లని ఒకసారి చూసి, "సరే" అని లేచి వచ్చాడట. ఆ మట్టికాళ్ళ సంగతి మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు. నలభైకి దగ్గరపడ్డాను. ఇంతవరకూ నన్ను చూసి సరే అన్నవాళ్ళు లేరు. నేను మాత్రం అందరికీ సరే అన్నాను.

మాది గుంటూరు జిల్లాలో మిరప, పత్తి పండే పల్లె. నాలాంటి పెళ్ళికాని కుర్రాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. కుర్రాళ్ళు అంటున్నానే గానీ, సగంమందికి బట్టతలలు వచ్చేశాయి. పొలముంది, ఇల్లుంది, తాగుడు లేదు. "అబ్బాయి ఏం చేస్తుంటాడండి?" అని ఫోన్లో అడుగుతారు. "వ్యవసాయమండి" అంటుంది మా అక్క. తర్వాత "ఇంట్లో మాట్లాడుకుని చెబుతామండి" అంటారు. వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు కాబోలు.

వ్యవసాయం మార్చడం కుదరదు కాబట్టి మొహం మార్చమన్నారు. సంబంధాలు చూసే మధ్యవర్తి ఒకాయన, మీసం తీసేస్తే వయసు తగ్గుతుందన్నాడు. తీసేశాను. మర్నాడు పాలకేంద్రం దగ్గర మా బాబాయి వరసాయన బండి ఆపి, "ఏరా, ఇంట్లో ఎవరన్నా పోయారా?" అని జాలిగా అడిగాడు. మా వైపు ఊరికే ఎవరూ మీసం తీయరు, తండ్రికి కర్మ చేసినప్పుడు తప్ప. మా నాన్న అప్పుడు ఇంట్లో నిక్షేపంగా టీ తాగుతున్నాడు. ఆ మధ్యవర్తే మరుసటి ఏడాది వచ్చి, ఇప్పటి అమ్మాయిలకి గడ్డమంటే ఇష్టమట, పెంచమన్నాడు. పెంచితే తెల్లగా వచ్చింది. దానికి రంగు వేయించారు. కింద కూర్చుంటే పిగిలిపోయే ప్యాంటు కొన్నారు. మా బావ ఫోన్లో నా ఫోటో తీసి, బుగ్గలు నున్నగా దిద్ది పంపాడు. అది చూసి మా అమ్మే "ఎవర్రా ఈ పిల్లాడు?" అంది.

చిన్నప్పుడు నేను అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే, "ఏంట్రా ఆ ఆడంగి వేషాలు" అని కసిరేవాడు మా నాన్న. మొన్నామధ్య ఆ మా నాన్నే భోజనం చేస్తూ నా తల వంక చూసి, "ఒంగోల్లో జుట్టు అతికిస్తారంట, కనుక్కోరాదూ?" అన్నాడు. నన్ను తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మాఘమాసంలో పొదిలి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచరు. తండ్రిదీ వ్యవసాయమే. అక్క మామూలుగానే "వ్యవసాయమండి" అంది. అవతలి నుంచి ఆయన "ఏం పంటమ్మా?" అని అడిగాడు. అక్క ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వంక చూసింది. ఆ ప్రశ్న అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు. మిరప, పత్తి అని చెప్పాక, వాళ్ళు ఆదివారం రమ్మన్నారు.

ఇది కూడా కాకపోతే ఇక ఎక్కడికీ రానని అక్కకి చెప్పేశాను. బెదిరింపు కాదు, నిజంగానే విసుగొచ్చింది. అలాగని నాకు పెళ్ళి అక్కర్లేదని కాదు. కావాలి. అన్నం తినేటప్పుడు ఎదురుగా ఒక మనిషి కావాలి, కసురుకున్నా సరే. ఈ మాట మగాడు నోరు తెరిచి అనకూడదట. ఎందుకనకూడదో నాకు తెలీదు.

శనివారం సాయంత్రం మా బావ నన్ను చిలకలూరిపేట తీసుకెళ్ళి ఫేషియల్ చేయించాడు. ఏదో పూశారు, చురచురలాడింది. ఇసకలాంటిది పెట్టి రుద్దారు. ఆవిరి పట్టారు. ఇంకేదో పూసి, ఎండాక పొరలా లాగారు. చివర్లో ఒక క్రీము డబ్బా చేతికిచ్చి, "రెండ్రోజులు ఎండలోకి వెళ్ళకండి సార్" అన్నాడు ఆ పార్లరు కుర్రాడు. నేను వెళ్ళకపోతే మిరపకాయలు నడుచుకుంటూ వచ్చి నా గదిలో ఆరతాయా? బావ అద్దంలో నన్ను చూసి "ఒరేయ్, హీరోలా ఉన్నావురా" అన్నాడు. తోలు ఒలిచిన దుంపలా ఉన్నాను. అయినా, ఎందుకు దాచాలి, దారిలో బండి అద్దంలో నేనూ రెండుసార్లు చూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది. కల్లంలో పంటంతా ఆరబోసి ఉంది. పట్టాలు కప్పాం గానీ, ఒక పక్క తడవనే తడిసింది. తడిసిన కాయ అలాగే ఉంటే బూజు పడుతుంది. తెల్లారగానే పట్టాలు తీసి తిరగెయ్యాలి. ఆదివారం కాబట్టి కూలీలంతా చర్చికి వెళ్ళారు. నాన్న నడుం వంచలేడు. కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదంటారు గానీ, మిరపకాయ ముందు ఆ రెండూ ఆగాల్సిందే. నేనే చేతులతో తిరగేసి, మెత్తబడినవి ఏరి పక్కన పోశాను. అప్పటికే మొహం కొంచెం మంటగా ఉంది. పట్టించుకోలేదు. చిన్నప్పటి నుంచి ఆ కారంలోనే పెరిగినవాణ్ణి, అది నన్నేం చేస్తుంది?

ఇక్కడే పొరపాటు చేశాను. కాయలో చెయ్యి పెట్టినవాడు మజ్జిగతో చేతులు కడుక్కుని, నూనె రాసుకుని గానీ కంటి జోలికి పోడు. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కారు వాకిట్లో హారన్ కొడుతోంది, అక్క కేకలేస్తోంది. సబ్బుతో తోమి, ఆ క్రీము వేళ్ళతో తీసి మొహమంతా పట్టించాను. కంటి కింద నలుపు పోవాలని అక్కడ ఇంకాస్త ఎక్కువ రుద్దాను.

ఊరు దాటేసరికి అంటుకుంది. పుండు మీద కారం అంటే ఇన్నాళ్ళూ మాటవరసకే అనుకున్నాను. అక్క సీసాలో నీళ్ళతో కొంగు తడిపి తుడిచింది. మంట మెడ దాకా పాకింది. "రుద్దకే, ఇంకా ఎక్కువవుద్ది" అని బావ, "ఆ ఫేషియల్ నువ్వు చేయించబట్టే" అని అక్క, దారి పొడుగునా ఒకటే గొడవ. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కారు వెనక్కి తిప్పమని ఒకసారి అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

వాళ్ళింట్లో అడుగుపెట్టేటప్పటికి నా మొహం పండుమిరపలా ఉంది, కళ్ళు ధారగా కారుతున్నాయి. అమ్మాయి అన్న నన్ను చూసి, పక్కనున్నాయన చెవిలో ఏదో అన్నాడు. మందు కొట్టి వచ్చాననుకుని ఉంటాడు. అక్క గబగబా అందుకుని, "వాడికి ఎండ పడదండీ" అంది. ఎండ పడని రైతు! అమ్మాయి కాఫీ పళ్ళెంతో వచ్చి నిలబడింది. నీళ్ళ తెర వెనక నాకు ఆకుపచ్చ చీర ఒకటే కనబడింది. "ఏమైందండీ మీకు?" అని అడిగింది ఆమె. గొంతులో వెటకారం లేదు. నిజంగానే కంగారుపడింది. నేను కళ్ళు తుడుచుకోబోయాను.

వాళ్ళ నాన్న లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇంకేమీ అడగలేదు. "దా అబ్బాయా" అని పెరట్లోకి తీసుకుపోయి, తొట్టి పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. లోపలి నుంచి గిన్నెలో పెరుగు మీది మీగడ తెచ్చాడు.

"కాయ తడిసిందా?"

"ఒక పక్క తడిసిందండి."

"పొద్దున తిరగేసి వచ్చావా?"

"తప్పలేదండి."

"తప్పదు మరి" అన్నాడు. తలెత్తమని, నుదురు నుంచి మీగడ రాయడం మొదలుపెట్టాడు. ఆ అరచెయ్యి మా నాన్న చెయ్యిలాగే గరుగ్గా ఉంది. అయినా కంటి రెప్పల దగ్గరకొచ్చేసరికి వేలి కొసతో ఎంత మెల్లగా రాశాడో. "నువ్వు ఈ పూతలన్నీ ఎందుకు పూసుకున్నావయ్యా? ఉన్న మొహానికేం తక్కువ?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు ఎలాగూ కారుతున్నాయి కాబట్టి ఆయనకి తెలిసి ఉండదు. ఈయన నాకు మామగారు అయితే బాగుండునని ఆ క్షణంలో ఎంత కోరుకున్నానో చెప్పలేను. అమ్మాయిని సరిగా చూడను కూడా లేదు, ఆయన్ని చూసే సరే అనుకున్నాను.

ఆయన రెండో బుగ్గకి రాస్తూ, "మా ఆడది కూడా బతుకంతా ఈ కాయల్లోనే చేసింది" అన్నాడు. "ఎంత కడుక్కున్నా చేతికి ఆ కారం ఉండేది. పిల్ల చిన్నప్పుడు వాళ్ళమ్మ ముద్ద కలిపి పెడుతుంటే, మూతి మండి ఏడ్చేది. ఆకలికి మళ్ళీ నోరు తెరిచేది. మళ్ళీ ఏడ్చేది."

నేను ఊ కొట్టాను.

"నువ్వు మంచోడివి. అది నీ చెయ్యి పట్టుకున్నప్పుడే తెలిసింది. కానీ ఈ కారం చూశాక నా పిల్లని నీకివ్వలేను అబ్బాయా. ఏమనుకోబాక."

ఆ మాట అంటూ కూడా ఆయన చెయ్యి ఆపలేదు. చెవి వెనక మిగిలిపోయిన చోట రాసి, గిన్నె అడుగున ఉన్నది వేలితో తీసి, మెడకి పట్టించాడు. "కాసేపు గాలికి కూర్చో, చల్లబడుద్ది" అని లోపలికి వెళ్ళాడు. మంట నిజంగానే తగ్గింది.

తిరుగు దారిలో అద్దంకి దాటాక అక్క, "మొహం అట్టా అవకుండా ఉంటే ఒప్పుకునేవాళ్ళేరా" అంది. అవునన్నాను. పెరట్లో ఆయన ఏమన్నాడో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. అక్క తిడుతున్నంతసేపూ ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఎంత వెతికినా ఆయన అన్నదాంట్లో తప్పు దొరకలేదు. నాకే కూతురుంటే, నాలాంటి వాడికి నేనూ ఇవ్వను.